ఖాళీ కళ్లెదుటే ఉన్నా సి డ్రైవ్ ఎందుకు పెరగదు?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత పాత కంప్యూటర్‌ను పక్కన పెట్టకుండా, అందులోని చిన్న ఎస్‌ఎస్‌డీ తీసి పెద్దది వేయించుకుని విండోస్ 11కు మారదామనుకునేవాళ్లకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేయించి ఇంటికి తెచ్చుకుంటారు. తీరా చూస్తే సి డ్రైవ్ పాత కొలతలోనే, ఎర్రగీతతో నిండుగా కనిపిస్తుంది. డిస్కు ముక్కలను చూపించే విండోస్ పరికరం డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే నల్ల పట్టీ కింద రెండు వందల జీబీకి పైగా 'అన్‌అలొకేటెడ్' అని రాసి ఉంటుంది. సి మీద రైట్ క్లిక్ చేస్తే మాత్రం 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' బూడిద రంగులో ఉండి, నొక్కినా పలకదు. డబ్బు పెట్టి కొన్న చోటు కళ్లెదుట ఉండీ వాడుకోలేకపోతే, షాపువాళ్లు సరిగా చేయలేదేమోనన్న అనుమానమో, డిస్కే పాడైందేమోనన్న భయమో కలగడం సహజం. చాలా సందర్భాల్లో ఈ రెండూ కారణాలు కావు. ఆ ఖాళీ ఎంత ఉందన్నదానికన్నా, అది ఎక్కడ ఉందన్నదే ఇక్కడ ముఖ్యం.

డిస్కు, పార్టిషన్, డ్రైవ్ అక్షరం

మనం సి, డి అని పిలిచేవి వేరువేరు పరికరాలు కానక్కర్లేదు. ఒకే డిస్కును కొన్ని ముక్కలుగా విభజిస్తే ఒక్కో ముక్క ఒక పార్టిషన్ అవుతుంది. ఆ ముక్కలో ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క రాసుకునే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్ వాడేది సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్. ఇలా లెక్క రాసుకోవడానికి సిద్ధమైన ముక్కను వాల్యూమ్ అంటారు; దానికి విండోస్ తగిలించే పేరే సి గానీ డి గానీ.

ఏ ముక్కకూ చెందకుండా మిగిలిపోయిన చోటే అన్‌అలొకేటెడ్ స్థలం. సి డ్రైవ్‌లో 'ఇంత ఖాళీ ఉంది' అని విండోస్ చూపించే స్థలం ఇది కాదు. ఆ ఖాళీ సి లోపలిది, దాన్ని ఏ ఫైలైనా వాడుకోవచ్చు. అన్‌అలొకేటెడ్ స్థలం అన్ని డ్రైవ్‌లకూ బయట ఉంటుంది. దాన్ని ఒక కొత్త డ్రైవ్‌గా మార్చేదాకానో, ఉన్న డ్రైవ్‌లో కలిపేదాకానో అక్కడ ఒక్క ఫొటో కూడా దాచుకోలేము.

ఈ ముక్కల వివరాలు డిస్కు మొదట్లో ఒక పట్టికలో ఉంటాయి. ఆ పట్టికలో ఒక్కో పార్టిషన్‌కు ఉండేది ఒకే ఒక్క పద్దు: ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడిదాకా ఉంటుంది. ఒక పార్టిషన్‌లో సగం ఇక్కడ, సగం అక్కడ అని రాయడానికి ఆ పద్దులో చోటే లేదు. ఈ పట్టిక రాసే పాత పద్ధతి అయిన ఎంబీఆర్ 1983లో, పది ఎంబీ హార్డ్ డిస్కుతో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ కాలంలో పుట్టింది. దాని తర్వాత వచ్చిన జీపీటీ చాలా పరిమితులను తీసేసింది గానీ, ఒక పార్టిషన్ అంటే తెగిపోని ఒకే ముక్క అన్న నియమాన్ని అలాగే ఉంచింది. ఈ వ్యాసంలో రాబోయే చిక్కుల్లో చాలావరకు ఈ ఒక్క నియమంలోంచి పుట్టినవే.

లెక్క తేడాతో వచ్చే మరో అనుమానాన్ని ఇక్కడే తీర్చుకోవడం మంచిది. 512 జీబీ అని కొన్న డిస్కును విండోస్ దాదాపు 477 జీబీగా చూపిస్తుంది. తయారీదారు ఒక జీబీని సరిగ్గా వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. విండోస్ 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లను ఒక జీబీ అంటుంది. 51,200 కోట్ల బైట్లను ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది 476.8. తక్కువగా కనిపించే ఆ 35 జీబీ ఎక్కడికీ పోలేదు, దాన్ని అన్‌అలొకేటెడ్‌లో వెతకడం అనవసరం.

ఎడమ ఖాళీ వేరు, కుడి ఖాళీ వేరు

విండోస్ సొంత పరికరం సి డ్రైవ్‌ను పెంచాలంటే, ఖాళీ స్థలం సి కి వెంటనే కుడివైపు, అంటే దాని చివరకు ఆనుకుని ఉండాలి. ఎడమవైపు ఉన్నది పనికిరాదు, మధ్యలో మరో ముక్క అడ్డుగా ఉన్నా పనికిరాదు. ఇది చాలామందికి అర్థంలేని పట్టుదలగా తోస్తుంది. కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ తన లెక్కను ఎలా రాసుకుంటుందో చూస్తే కారణం తెలుస్తుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ తన చోటును సాధారణంగా నాలుగు కేబీల చిన్న గళ్లుగా విడగొట్టుకుంటుంది. వీటిని క్లస్టర్లంటారు. వాల్యూమ్ మొదటి గడికి సున్నా, తర్వాతదానికి ఒకటి, ఇలా వరుసగా నంబర్లు ఉంటాయి. ఏ ఫైలు ఏ నంబరు గళ్లలో ఉందో మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో రాసి ఉంటుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లను తలచుకుంటే ఇది తేలిగ్గా బోధపడుతుంది. గుంటూరు దాటి రోడ్డును ఇంకొంత దూరం పొడిగిస్తే కొత్త రాళ్లు నాటితే చాలు, ఉన్న రాళ్ల మీది అంకెలన్నీ సరిగ్గానే ఉంటాయి. సున్నా రాయినే వెనక్కి జరిపితే మాత్రం దారి పొడవునా ప్రతి రాయి మీదా అంకె మార్చాలి.

సి డ్రైవ్‌ను కుడివైపు పెంచినప్పుడు జరిగేది ఆ మొదటి రకం పని. పార్టిషన్ పట్టికలో ముగింపు అంకె మారుతుంది. ఏ గడి ఖాళీ, ఏది నిండుగా ఉందో చెప్పే బిట్‌మ్యాప్ కొంత పొడవవుతుంది. వాల్యూమ్ చిట్టచివర అదనంగా దాచి ఉంచే బూట్ సెక్టార్ నకలును కొత్త చివర రాస్తారు. ఒక్క ఫైలు కూడా కదలదు. అందుకే 200 జీబీ కలిపినా ఆ పని కొన్ని క్షణాల్లో, విండోస్ నడుస్తుండగానే ముగుస్తుంది. ఎడమవైపు పెంచాలంటే సున్నా గడి స్థానమే మారుతుంది కనుక, డ్రైవ్‌లోని మొత్తం సమాచారాన్ని ఎత్తి ఎడమవైపుకు జరపాలి. విండోస్ ఆ పనికి పూనుకోదు. బయటి పార్టిషన్ సాఫ్ట్‌వేర్లు చేస్తాయి, కానీ ఆ పని గంటల్లో లెక్క.

ఖాళీ స్థలం వేరే డిస్కు మీద ఉంటే ఈ చర్చకే తావు లేదు. 'డిస్క్ 1' మీది అన్‌అలొకేటెడ్ చోటు 'డిస్క్ 0' మీది సి లో కలవదు.

మొదటి ఉదాహరణ: క్లోన్ చేసిన ఎస్‌ఎస్‌డీ

విజయవాడలో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఒక డీటీపీ షాపు అనుకుందాం. ముహూర్తాల రోజుల్లో ఫొటోషాప్ తెరిస్తే 'స్క్రాచ్ డిస్క్ నిండింది' అన్న హెచ్చరిక వచ్చి పని ఆగిపోతోంది. ఫొటోషాప్ తన తాత్కాలిక ఫైళ్లను, ప్రత్యేకంగా మార్చకపోతే, విండోస్ ఉన్న డ్రైవ్‌లోనే రాస్తుంది. యజమాని 256 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసేసి 512 జీబీది క్లోన్ చేయించారు. ఇప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎడమ నుంచి కుడికి కనిపించే వరుస ఇది: కంప్యూటర్ బూట్ కావడానికి వాడే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్, తర్వాత సుమారు 237 జీబీ సి డ్రైవ్, ఆ తర్వాత విండోస్ మరమ్మతు కోసం ఉంచే 700 ఎంబీ రికవరీ పార్టిషన్, చివర సుమారు 238 జీబీ నల్లపట్టీ. మైక్రోసాఫ్ట్ తన కోసం ఉంచుకునే 16 ఎంబీ ముక్క మరొకటి ఉంటుంది గానీ ఈ కిటికీలో కనిపించదు.

క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ పాత డిస్కులోని వరుసను యథాతథంగా దించింది, అదే దాని పని. ఫలితంగా సి కీ ఖాళీకీ మధ్య 700 ఎంబీ రికవరీ ముక్క నిలబడింది. 238 జీబీ ఉపయోగపడకుండా ఆపుతున్నది డిస్కులో వెయ్యోవంతు కన్నా కాస్త ఎక్కువ ఉన్న ఆ చిన్న ముక్కే.

దీనికి మూడు దారులున్నాయి, మూడింటికీ వేరువేరు ఖరీదుంది. రికవరీ పార్టిషన్‌ను బయటి సాఫ్ట్‌వేర్‌తో డిస్కు చివరికి జరపడం ఒకటి. కదలాల్సింది 700 ఎంబీయే కనుక ఇది నిమిషాల్లో పని, ఫైళ్లున్న సి జోలికి వెళ్లదు. ఆ ముక్కను తొలగించి, సి ని పెంచి, చివర మళ్లీ కొత్తది సృష్టించడం రెండోది. దీనికి బయటి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విండోస్‌లోని రీఏజెంట్‌సీ, డిస్క్‌పార్ట్ అనే ఆదేశాలు చాలు. అయితే డిస్క్‌పార్ట్‌లో డిస్కు నంబరు, పార్టిషన్ నంబరు మనమే ఎంచుకోవాలి. నంబరు ఒకటి తప్పితే పోయేది రికవరీ కాదు, సి డ్రైవే. ఆ ఖాళీని సి లో కలపకుండా కొత్త డి డ్రైవ్‌గా చేసి, ఫొటోషాప్ స్క్రాచ్ డిస్కును అక్కడికి మార్చడం మూడోది. ఈ షాపు అవసరానికి నా దృష్టిలో ఇదే సరిపోతుంది. సి డ్రైవ్ కొలతను ముట్టుకోకుండానే హెచ్చరిక ఆగుతుంది.

రికవరీ పార్టిషన్ అక్కడికెలా వచ్చింది?

కంప్యూటర్ బూట్ కానప్పుడు నీలి తెర మీద 'స్టార్టప్ రిపేర్', 'రీసెట్ దిస్ పీసీ' వంటి అవకాశాలు చూపించే చిన్న విండోస్ ఈ ముక్కలో ఉంటుంది. విండోస్ 10 మొదటి వెర్షన్లు దీన్ని సి కి ఎడమవైపు పెట్టేవి. తర్వాతి వెర్షన్ల నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు సి కి వెంటనే కుడివైపు పెడుతున్నాయి. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు రెండింటిలో ఒకదాంట్లో సి సులభంగా పెరిగి, రెండోదాంట్లో పెరగకపోవడానికి ఈ తేడా ఒక కారణం.

ఈ మార్పు అనాలోచితంగా చేసింది కాదు. రికవరీ విండోస్ కాలక్రమంలో పెద్దదవుతుంది. అది సి పక్కనే ఉంటే, సి చివర కొంచెం తగ్గించి ఆ చోటును దీనికి ఇవ్వడం విండోస్‌కు సాధ్యమవుతుంది. మైక్రోసాఫ్ట్ మార్గదర్శకాల్లో చెప్పిన కారణం కూడా ఇదే. అంటే పక్కపక్కన ఉండాలన్న నియమం తెలిసే, తన అవసరం కోసం సంస్థ ఆ స్థానాన్ని ఎంచుకుంది. ఆ అవసరం నిజమేనని 2024 జనవరి 9న వచ్చిన కెబి 5034441 అప్‌డేట్ చూపించింది. డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే బిట్‌లాకర్ భద్రతలోని ఒక లోపాన్ని సరిదిద్దే ఆ అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చింది. అంత లేని కంప్యూటర్లలో అది ఎర్రర్ చూపి ఆగిపోయింది. సి ని 250 ఎంబీ తగ్గించి రికవరీ ముక్కను పెద్దగా మళ్లీ చేసుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ప్రచురించింది గానీ, ఆ ఆదేశాలు మామూలు ఇళ్లలో వాడేవాళ్ల చేత కీబోర్డు మీద కొట్టించదగినవి కావు. అప్‌డేట్ల దృష్టితో చూస్తే సి పక్కనే ఉండటం సబబు. డిస్కు మార్చుకునే మనిషి దృష్టితో చూస్తే అదే అడ్డు.

రెండో ఉదాహరణ: డి తగ్గించినా సి పెరగలేదు

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకరి లెక్కల కంప్యూటర్ తీసుకుందాం. ఒక టీబీ హార్డ్ డిస్కు, విండోస్ లెక్కలో 931 జీబీ. సి కి 100, డి కి 831 ఇచ్చారు. సి నిండింది, డి లో 500 జీబీ సమాచారం పోగా మిగతాదంతా ఖాళీ. డి ని 200 జీబీ తగ్గిస్తే నల్లపట్టీ వస్తుంది. అయినా సి దగ్గర 'ఎక్స్‌టెండ్' బూడిద రంగులోనే ఉంటుంది, ఎందుకంటే ఏ డ్రైవ్‌నైనా విండోస్ దాని చివరి నుంచే తగ్గిస్తుంది. విడుదలైన 200 జీబీ డి కి కుడివైపు చేరింది, సి కీ దానికీ మధ్య డి మొత్తం ఉంది.

తగ్గించడంలోనూ ఒక పరిమితి ఉంది. 300 జీబీకి పైగా ఖాళీ ఉన్నా, 'ఇంతవరకే తగ్గించగలం' అంటూ విండోస్ చిన్న అంకె చూపించవచ్చు. పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడే ఫైలు), రిస్టోర్ పాయింట్లు, మాస్టర్ ఫైల్ టేబుల్ ముక్కలు వంటివి నడుస్తున్న విండోస్‌లో కదలవు. అలాంటిది ఒకటి డ్రైవ్ చివరి భాగంలో ఉంటే తగ్గింపు అక్కడే ఆగుతుంది. ఆపిన ఫైలు ఏదో, విండోస్ జరిగినవి నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో 259 నంబరు నమోదులో కనిపిస్తుంది.

ఇప్పుడు సి పెరగాలంటే డి ని కుడివైపుకు జరపాలి, లేదా డి ని ఖాళీ చేసి తొలగించాలి. రెండింటి సమయాన్నీ లెక్కవేద్దాం. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 ఎంబీ చదవగలదనుకుందాం. జరిపేటప్పుడు అదే డిస్కు చదవాలి, అదే రాయాలి కనుక నికరంగా సెకనుకు 50 ఎంబీకి మించదు. ఐదు లక్షల ఎంబీని 50తో భాగిస్తే 10,000 సెకన్లు, అంటే రెండు గంటల 46 నిమిషాలు. చదివే ముల్లు అటూఇటూ తిరగడం వల్ల అసలు సమయం ఇంకా ఎక్కువే పడుతుంది. రెండో పద్ధతిలో డి లో ఉన్నదంతా బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయడానికి 5,000 సెకన్లు, పని అయ్యాక తిరిగి తెచ్చుకోవడానికి మరో 5,000. మొత్తం మళ్లీ అదే రెండు గంటల 46 నిమిషాలు.

సమయం సమానమైనా ప్రమాదం సమానం కాదు. జరుపుతుండగా మధ్యలో కరెంటు పోతే సగం సమాచారం పాత చోట, సగం కొత్త చోట ఉంటుంది. ఫైల్ సిస్టమ్ పట్టిక ఆ రెండింటిలో దేనికీ సరిపోదు. ఆగినచోటి నుంచి కొనసాగించగల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ అన్నీ అలాంటివి కావు. ఎండాకాలంలో కరెంటు కోతలు తెలిసిన మన ఊళ్లలో, పది నిమిషాలు కూడా నిలవని చిన్న యూపీఎస్‌తో మూడు గంటల పని మొదలుపెట్టడం అంటే ఏళ్ల తరబడి రాసిన లెక్కలను అదృష్టానికి వదిలేయడమే. కాపీ పద్ధతిలో కరెంటు పోయినా అసలు ఫైళ్లు ఉన్నచోటే భద్రంగా ఉంటాయి, కాపీ మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. కాపీ పూర్తయి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే డి ని తొలగిస్తారు కాబట్టి ఏ క్షణంలోనూ సమాచారం సగంలో ఉండదు.

పాత డిస్కుల్లో ఇంకో రెండు మలుపులు

విండోస్ 7 కాలం నాటి కంప్యూటర్లలో ఎంబీఆర్ పట్టికే ఎక్కువ. అందులో నాలుగే ప్రైమరీ పార్టిషన్లకు చోటుంటుంది. అంతకు మించి కావాలంటే నాలుగింటిలో ఒకదాన్ని 'ఎక్స్‌టెండెడ్' అనే తొడుగుగా చేసి, దాని లోపల డి, ఇ, ఎఫ్‌లను పెట్టేవారు. అలాంటి డిస్కులో డి ని తొలగిస్తే వచ్చేది నల్లపట్టీ కాదు, లేత పచ్చ పట్టీ. అది ఖాళీయే గానీ ఇంకా ఆ తొడుగు లోపలిదే కనుక బయట ఉన్న సి దాన్ని తీసుకోలేదు. ఎంబీఆర్‌కు మరో హద్దు, 512 బైట్ల సెక్టార్లతో సుమారు రెండు టీబీలకు మించి లెక్కపెట్టలేకపోవడం. నాలుగు టీబీ డిస్కులో సగం ఎప్పటికీ అన్‌అలొకేటెడ్‌గానే ఉండిపోతే కారణం అదే, జీపీటీకి మారిస్తేనే అది అక్కరకొస్తుంది.

రెండోది డైనమిక్ డిస్కు. దూరంగా ఉన్న ఖాళీని ఒక డేటా డ్రైవ్‌కు కలపబోతే, డిస్కును డైనమిక్‌గా మార్చమంటారా అని విండోస్ అడుగుతుంది. ఆ పద్ధతిలో డ్రైవ్ ముక్కలుగా ఉండవచ్చు కనుక అది పరిష్కారంలా కనిపిస్తుంది. విండోస్ ఉన్న సి కి మాత్రం అలా దూరపు ముక్కలను కలపడం కుదరదు. పైగా తిరిగి మామూలు డిస్కుగా మార్చాలంటే విండోస్ పరికరాలతో అన్ని వాల్యూమ్‌లనూ తొలగించాల్సిందే. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని కాలం చెల్లినదిగా ప్రకటించింది. ఆ ప్రశ్నకు 'అవును' అనేముందు ఈ సంగతులు తెలిసి ఉండాలి.

ముక్కలను కలిపే ఆలోచన మాత్రం వృథా కాలేదు. లైనక్స్‌లోని ఎల్‌వీఎం డిస్కు చోటును చిన్న చిన్న తునకలుగా చూసి, ఎక్కడున్న తునకనైనా ఏ వాల్యూమ్‌కైనా ఇస్తుంది. ఆపిల్ 2017లో మాక్‌లకు తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌లో ఒకే కంటెయినర్‌లోని వాల్యూమ్‌లన్నీ ఖాళీని ఉమ్మడిగా వాడుకుంటాయి.

తాళం వేసిన డ్రైవ్

ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సి డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా ఇది దానంతటదే మొదలవుతుంది. విండోస్ తెరిచి ఉండగా కుడివైపు ఖాళీని కలపడానికి ఇది అడ్డు కాదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే బయటి సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఆ డ్రైవ్ అర్థంకాని అక్షరాల రాశిలా కనిపిస్తుంది. పార్టిషన్ల అమరిక మారాక తిరిగి బూట్ చేసేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశమూ ఉంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది గానీ, ల్యాప్‌టాప్‌ను ఎవరి మెయిల్ ఐడీతో మొదలుపెట్టారో గుర్తులేని ఇళ్లు కొన్ని కాదు. షాపుకు ఇచ్చేముందే ఆ కీ చేతిలో ఉండాలని నేను గట్టిగా అంటాను.

ఒకటే సి ఉండాలా, సి-డి వేరుగా ఉండాలా?

ఇందులో రెండు వాదాలకూ బలముంది. విడిగా ఉంచాలనేవాళ్లు చెప్పేది, విండోస్ పాడై సి ని ఫార్మాట్ చేయాల్సి వచ్చినా డి లోని పిల్లల ఫొటోలు, లెక్కలు అలాగే ఉంటాయని. అది నిజం. అయితే డిస్కే చెడిపోతే సి, డి రెండూ కలిసే పోతాయి కనుక డి ని బ్యాకప్ అనుకోవడం పొరపాటు. ఒకే డ్రైవ్ చాలనేవాళ్లు, రెండు ముక్కలు చేసిన రోజు వేసిన అంచనా ఏదో ఒకనాడు తప్పుతుందనీ, ఒకటి నిండి రెండోది ఖాళీగా పడి ఉంటుందనీ అంటారు. పైన చెప్పిన గుంటూరు ఉదాహరణ ఆ మాటకు సాక్ష్యం. ఎస్‌ఎస్‌డీలో కొంత చోటును కావాలనే అన్‌అలొకేటెడ్‌గా వదిలేవాళ్లు మూడో పక్షం. ఆ చోటు డిస్కు లోపలి సర్దుబాట్లకు పనికొస్తుందని వాళ్ల వాదన. ట్రిమ్ (ఏ గళ్లు ఖాళీ అయ్యాయో ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) పనిచేస్తున్న విండోస్‌లో డ్రైవ్ లోపలి ఖాళీ కూడా అదే మేలు చేస్తుంది కనుక, ఎప్పుడూ అంచుదాకా నింపని వాళ్లకు దానివల్ల కొత్తగా ఒరిగేది తక్కువ.

సి ని పెంచే ముందు అది దేనితో నిండిందో చూసుకుంటే కొన్నిసార్లు పార్టిషన్ల జోలికే వెళ్లనక్కర్లేదు. విండోస్ కొత్త వెర్షన్‌కు మారాక పాతది 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లో పది రోజులు ఉండి తర్వాత దానంతటదే పోతుంది. డిస్క్ క్లీనప్‌లో దాన్ని ముందే తీసేయవచ్చు, కాకపోతే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. కంప్యూటర్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లోనిది దాచే హైబర్నేషన్ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఆక్రమిస్తుంది, 16 జీబీ ర్యామ్ ఉంటే 6.4 జీబీ. ఇక మొదటి ఉదాహరణలోని షాపు ఒకవేళ రికవరీ ముక్కను తొలగించి మళ్లీ చేసుకునే దారినే ఎంచుకుని ఉంటే, సి కొలత పెరిగినంతమాత్రాన పని పూర్తయినట్టు కాదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రీఏజెంట్‌సీ సమాచారం అడిగితే విండోస్ ఆర్‌ఈ (అదే ఆ రికవరీ విండోస్) స్థితి 'ఎనేబుల్డ్' అనీ, దాని స్థానం డిస్కు చివరి కొత్త పార్టిషన్ అనీ కనిపించాలి. 'డిజేబుల్డ్' అని ఉంటే, తర్వాత ఎప్పుడైనా కంప్యూటర్ బూట్ కానప్పుడు ఆ నీలి తెర రాదు.